ఇంకొనెల్ 718 ప్రింట్: పన్నెండు కడ్డీల్లో మూడు ముందే విరిగాయి, సీటీ స్కాన్‌లో ఏమీ లేదు

పొర_మీద_పొర
రెండు నెలలుగా ఇదే టెన్షన్, ఎవరైనా దారి చెప్పండి. లేజర్ పౌడర్ బెడ్ మెషీన్ (లోహపు పొడిని పొరలుగా పరిచి లేజర్‌తో కరిగించే 3డీ ప్రింటర్) మీద ఇంకొనెల్ 718 అనే నికెల్ మిశ్రమంతో రెండు ఇంజిన్ బ్రాకెట్లు ప్రింట్ చేశాం. పొర మందం 40 మైక్రాన్లు. అదే ప్లేట్ మీద బ్రాకెట్ల చుట్టూ 12 ఫటీగ్ కడ్డీలు (పదేపదే లోడ్ వేసి ఎన్ని సైకిళ్లకు విరుగుతాయో చూసేవి) నిలువుగా వేశాం. ఆ తర్వాత అంతా పద్ధతి ప్రకారమే: స్ట్రెస్ రిలీఫ్ (లోపలి ఒత్తిళ్లు పోయేలా కొలిమిలో వేడి చేయడం), ప్లేట్ నుంచి వైర్ కట్, హిప్ (వేడిలో అన్ని వైపులా గ్యాస్ ఒత్తిడితో నొక్కడం), బలం కోసం సొల్యూషన్, ఏజింగ్ హీట్ ట్రీట్‌మెంట్లు, చివర్లో మెషీనింగ్, పాలిషింగ్. టెన్సైల్ (లాగి చూసే బలం) అంకెలు చూస్తే ముచ్చటేసింది. ఫటీగ్‌లో 9 కడ్డీలు 10 లక్షల సైకిళ్లు దాటాయి, మిగతా 3 లక్ష కూడా చేరకుండానే విరిగాయి. సీటీ స్కాన్‌లో పన్నెండూ శుభ్రంగానే ఉన్నాయి, ఒక్క గుల్ల కూడా కనబడలేదు.

ఆ మూడింటినీ పరీక్షలో జరిగిన పొరపాటుగా రాసి, మిగతా తొమ్మిదితో రిపోర్ట్ ఇమ్మని పైనుంచి ఒత్తిడి. నాకు మనసొప్పడం లేదు. కానీ కారణం చూపించలేకపోతే నా మాట నిలబడదు కదా.

ఫోర్జింగ్_పక్షం
రాయకండి. ఏ కారణమూ లేకుండా పన్నెండులో మూడు విరగవు. ఆ మూడే నిజం చెబుతున్నాయి.

ముప్పై ఏళ్లుగా ఫోర్జింగ్‌లో (కాల్చిన లోహాన్ని నొక్కి ఆకారం తెచ్చే పనిలో) ఉన్నాను, అందుకే ప్రింటింగ్ అంటే నాకు గుబులు. ఫోర్జింగ్ దిమ్మె ఎక్కడ కోసినా లోపల ఏముంటుందో మాకు తెలుసు. మీ ముక్క లోపల లక్షల వెల్డులు ఉంటాయి, ప్రతి వెల్డూ బాగుందని ఎవరు హామీ ఇస్తారు?

ఎక్స్‌రే_కన్ను
ఒక్క ప్రశ్న. సీటీ హిప్‌కు ముందు తీశారా, తర్వాత తీశారా?

పొర_మీద_పొర
తర్వాతే. మెషీనింగ్ కూడా అయ్యాక, ఫటీగ్ పరీక్షకు పంపే ముందు రోజు.

ఎక్స్‌రే_కన్ను
అక్కడే జారిపోయింది. హిప్ పనే గుల్లల్ని నొక్కి మూసేయడం. మూసుకుపోయిన గుల్ల సీటీలో కనబడదు, ఎందుకంటే సీటీ చూసేది సాంద్రత తేడాను. ఖాళీ లేకపోతే తేడా లేదు, తేడా లేకపోతే చిత్రంలో ఏమీ లేదు. అలాగని అక్కడ లోహం లోహంతో కలిసిపోయిందని చెప్పలేం. రెండు గోడలూ ఒకదానికొకటి ఆనుకుని అతుక్కోకుండా ఉండిపోయినా స్కాన్ మీకు శుభ్రమైన బొమ్మే చూపిస్తుంది.

కొత్త_ఇంజినీరు
చదువు ఈ మధ్యే అయింది, తప్పుగా అనుకోకండి. హిప్ అంటే వేడి, ఒత్తిడి కలిపి ఇచ్చేదే కదా? అంత ఒత్తిడిలో గోడలు ఎందుకు అతుక్కోవు?

కిరణ్మయి_718
అడగాల్సిన ప్రశ్నే. 718కి మామూలుగా 1120 నుంచి 1185 డిగ్రీల సెల్సియస్ మధ్య, కనీసం 100 మెగాపాస్కల్ ఆర్గాన్ ఒత్తిడిలో, దాదాపు 4 గంటలు ఉంచుతారు. ఆ వేడికి లోహం మెత్తబడి పాకుతుంది, గుల్ల గోడలు దగ్గరకొస్తాయి, పరమాణువులు అటూ ఇటూ కలిసిపోయి గుర్తు తెలియకుండా పోతుంది. ఇదంతా గోడలు శుభ్రంగా ఉంటేనే. గోడ మీద ఆక్సైడ్ పొర ఉంటే కథ మారుతుంది.

టైటానియంలో అయితే ఆక్సిజన్ లోహంలోకే కరిగిపోతుంది కాబట్టి అక్కడ హిప్ చాలావరకు మాన్పేస్తుంది. 718లో అల్యూమినియం కొద్దిగానే ఉన్నా, ఆక్సిజన్ దొరికితే ముందు అదే పట్టేసుకుంటుంది. ఆ అల్యూమినియం ఆక్సైడ్ 1180 డిగ్రీలకు కరగదు, చెదరదు. గుల్ల మూసుకుంటుంది గానీ మధ్యలో పొర అలాగే ఉంటుంది. అది పగులు కింద లెక్కే.

ఇంకోటి, గుల్ల ఉపరితలానికి తెరుచుకుని ఉంటే హిప్ అసలు పనిచేయదు. బయటి ఆర్గాన్ లోపలికే వెళ్తుంది కదా, ఇక నొక్కేదెవరు?

లేజర్_లహరి
విరిగిన మూడు కడ్డీలూ ప్లేట్ మీద ఎక్కడున్నాయి? ఆర్గాన్ ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది? గుర్తున్నట్టు కాకుండా బిల్డ్ ఫైల్ తెరిచి చూసి చెప్పండి.

పొర_మీద_పొర
ఇప్పుడే చూశాను. వెన్నులో చలి పుట్టింది. 3, 7, 11 నంబర్లు. మూడూ గాలి బయటికి పోయే వైపు వరసలోనే ఉన్నాయి. ఆ వరసలో ఉన్నవి మొత్తం నాలుగు. నాలుగోది 10 లక్షలు దాటిన వాటిలో ఉంది గానీ, ఆ తొమ్మిదిలో అన్నిటికంటే ముందు విరిగింది అదే.

లేజర్_లహరి
అయితే స్పాటర్ మీదే నా అనుమానం.

లేజర్ తగిలినచోట కరిగిన లోహం నుంచి చుక్కలు ఎగిరిపడతాయి, పొగ లేస్తుంది. ప్లేట్ మీదుగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వీచే ఆర్గాన్ వాటిని ఊడ్చుకుపోవాలి. పొగ, సన్న రేణువులు పోతాయి. బరువున్న చుక్కలు అంత దూరం పోలేక దారిలోనే పడతాయి, ఎక్కువగా గాలి బయటికి పోయే వైపున. మీ పౌడర్ 15 నుంచి 45 మైక్రాన్లు అనుకుందాం, స్పాటర్ రేణువు 100 మైక్రాన్లు దాటి కూడా ఉంటుంది. ఎగిరేటప్పుడు వేడిగా ఉంటుంది కాబట్టి ఛాంబర్‌లో మిగిలిన కాస్త ఆక్సిజన్‌నీ పట్టుకుని ఆక్సైడ్ చొక్కా తొడుక్కుంటుంది. 40 మైక్రాన్ల పొర కోసం పెట్టిన లేజర్ శక్తి దాన్ని పూర్తిగా కరిగించలేదు. దాని కింద, పక్కన కరగని సందు మిగిలిపోతుంది.

స్కాన్ వరస ఎలా పెట్టారు? గాలి బయటికి పోయే వైపు ముక్కల్ని ముందు కాల్చి గాలికి ఎదురుగా వెనక్కి రావాలి. అప్పుడు స్పాటర్ పడినా అప్పటికే గట్టిపడిన చోట పడుతుంది. తిరగేసి పెడితే ఇంకా కాల్చని పౌడర్ మీద పడి, ఆ తర్వాత లేజర్ దాని మీదికే వస్తుంది.

పొర_మీద_పొర
వరస మేం పెట్టలేదు, సాఫ్ట్‌వేర్ డీఫాల్ట్‌కే వదిలేశాం. రెండు లేజర్ల మెషీన్.

లేజర్_లహరి
రెండు లేజర్లంటే ఇంకా జాగ్రత్త. గాలి వచ్చే వైపు లేజర్ లేపిన పొగ రెండో లేజర్ దారిలోకి పోతుంది. పొగలోంచి పోయే కిరణం చెదిరి శక్తి తగ్గుతుంది. 2020లోనే 12 లేజర్ల మెషీన్ మార్కెట్లోకి వచ్చింది. వేగం పెరిగింది నిజమే, ఎవరి పొగ ఎవరి మీదికి పోతుందో చూసుకునే పని కూడా అంతే పెరిగింది.

జల్లెడ_శీను
పౌడర్ ఎన్నోసారి వాడుతున్నారు? నా అనుభవంలో ఇలాంటివి పాత పౌడర్ వల్లే వస్తాయి.

పొర_మీద_పొర
తొమ్మిదోసారి. ప్రతిసారీ 63 మైక్రాన్ల జల్లెడ పడతాం.

కిరణ్మయి_718
శీను గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఆక్సిజన్ పెరుగుదలకు టైటానియం చాలా సున్నితం, గ్రేడ్ 23 అనే టైటానియం మిశ్రమంలో ఆక్సిజన్ హద్దే 0.13 శాతం. తిరిగి వాడేకొద్దీ ఆ హద్దుకు చేరువవుతుంది. 718 అంత మొండికేయదు. పైగా పౌడరే చెడితే పన్నెండు కడ్డీలూ ఒకేలా దెబ్బతినాలి, ఒక్క వరసే ఎందుకు విరుగుతుంది?

జల్లెడ_శీను
వరస గురించి మీరన్నది సబబే. కానీ 63 కంటే చిన్న స్పాటర్ రేణువులు జల్లెడ దాటి మళ్లీ డబ్బాలోకి వస్తాయి, అది మరిచిపోకండి. మా దగ్గర ఒకసారి తొమ్మిది కాదు, నాలుగోసారికే మైక్రోస్కోప్ కింద నల్లటి గుండ్రాలు కనిపించాయి. అప్పటి నుంచి ప్రతి బిల్డ్ ముందు చిటికెడు పౌడర్ చూడకుండా మెషీన్ ఆన్ చేయను.

ఫోర్జింగ్_పక్షం
ఒక ముక్క బాగుండాలంటే గాలి ఎటు వీస్తుందో, ఏ వరసలో కాల్చామో, పౌడర్ ఎన్నోసారో అన్నీ చూసుకోవాలి. ఇంత చేసి ఏం లాభం? ఫోర్జింగ్ తెచ్చి మిల్లింగ్ చేస్తే పోయేది కదా.

రాకెట్_రజిత
లాభం ఏంటో నేను చెప్తాను. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజిన్ పీఎస్4ని ఇస్రో ప్రింటింగ్‌కు తగ్గట్టు మళ్లీ డిజైన్ చేసింది. 14 భాగాలు ఒక్క ముక్కయ్యాయి, 19 వెల్డు జాయింట్లు పోయాయి. మామూలు పద్ధతిలో ఒక ఇంజిన్‌కు 565 కిలోల ఫోర్జింగులు, రేకులు పట్టేవి, ఇప్పుడు 13.7 కిలోల పౌడర్ చాలు. 2024 మే 9న 665 సెకన్లు మండించి చూశారు. 19 వెల్డులు అంటే 19 చోట్ల ఎక్స్‌రే, 19 చోట్ల మరమ్మతు భయం. అవి లేకపోవడం చిన్న విషయమా?

ఇక చల్లబరిచే కాలువలు. మండే గది గోడలోనే ఇంధనం పారే సన్నటి దారులు కావాలి. పాత పద్ధతిలో కాలువలు కోసి, పైన మూత వేసి అతకాలి. ప్రింట్‌లో గోడ, కాలువ, మూత ఒకేసారి లేస్తాయి. నాసా ఇందుకోసమే రాగి, క్రోమియం, నయోబియంతో జీఆర్‌కాప్-42 లాంటి మిశ్రమాలు తయారుచేసింది, వేడిని రాగిలా లాగేస్తూ వేడిలో కూడా బలం నిలుపుకుంటాయి. ఇది ఫోర్జింగ్‌తో పోల్చాల్సిన పనే కాదండీ.

ఫోర్జింగ్_పక్షం
రాకెట్ ఇంజిన్ పది నిమిషాలు మండితే పనైపోతుంది. విమానం ఇంజిన్ ఏళ్ల తరబడి తిరగాలి, వేల సార్లు టేకాఫ్ కావాలి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

సర్టిఫికెట్_సుధ
విమానాల్లోనూ ఉన్నాయండీ. 2015లో జీఈ90 ఇంజిన్‌లో టీ25 సెన్సార్ కవచానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అనుమతి వచ్చింది. ఆ తర్వాత లీప్ ఇంజిన్ ఇంధన నాజిల్ కొన. దాదాపు 20 ముక్కలు అతికి చేసేది ఒకే ముక్కయింది, బరువు 25 శాతం తగ్గింది. 2016 నుంచి ప్రయాణికుల విమానాల్లో ఎగురుతోంది, 2021 నాటికి అమెరికాలోని ఒక్క ఆబర్న్ ప్లాంట్ నుంచే లక్ష బయటికొచ్చాయి. లక్ష ముక్కలు ఒకేలా రావాలంటే ఆ పద్ధతిని ఎంత బిగించి పట్టుకుని ఉంటారో చూడండి.

ఫోర్జింగ్_పక్షం
నాజిల్ కదలదు. తిరిగే భాగం ఒకటి చూపించండి, ఒప్పుకుంటాను.

సర్టిఫికెట్_సుధ
జీఈ9ఎక్స్ ఇంజిన్‌లోని తక్కువ పీడన (లో-ప్రెషర్) టర్బైన్ బ్లేడ్లు. టైటానియం అల్యూమినైడ్, ఎలక్ట్రాన్ బీమ్‌తో ప్రింట్ చేసినవి. ఆ ఇంజిన్‌కు 2020 సెప్టెంబర్‌లో ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ వచ్చింది. ఈ లోహం చల్లగా ఉంటే గాజులా పగులుతుంది, అందుకే లేజర్ బదులు ఎలక్ట్రాన్ బీమ్ వాడతారు. బిల్డ్ మొత్తం 1000 డిగ్రీలు దాటిన వేడిలోనే నడుస్తుంది, స్ట్రెస్ పేరుకోదు.

ఫోర్జింగ్_పక్షం
సరే, బ్లేడ్ల దాకా ఒప్పుకున్నాను. బ్లేడ్లు బిగించే చక్రం, అంటే డిస్క్ మాత్రం వేరు. బ్లేడ్ విరిగితే కేసింగ్ ఆపుతుంది, డిస్క్ పగిలితే ఏదీ ఆపలేదు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లను వందల సంఖ్యలో విప్పి పరీక్షించాల్సి వచ్చింది పౌడర్‌లో కలుషితం వల్లే కదా?

కిరణ్మయి_718
ఆ డిస్కులు ప్రింట్ చేసినవి కావు! పౌడర్‌ను దిమ్మెగా చేసి ఆపై ఫోర్జింగ్ చేసినవి. అంటే అది మీ పక్షానిదే. కానీ మీ భయం సరైనదే. పౌడర్‌లో పరాయి రేణువు ఒక్కటి దూరితే, తర్వాత ఫోర్జ్ చేసినా ప్రింట్ చేసినా అది ఎక్కడో కూర్చుని సైకిళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మన 3, 7, 11లో ఉన్నదీ అలాంటిదే అయ్యుండొచ్చు.

ఫోర్జింగ్_పక్షం
ఫోర్జింగ్ చేసినవే, నిజం. సరిదిద్దినందుకు థాంక్స్ అమ్మా. విరిగిన ముఖాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టారా ఇంతకీ? ఇన్ని మాటలకంటే ఆ ఒక్క ఫొటో నయం.

పొర_మీద_పొర
స్లాట్ దొరికింది, గురువారం. అప్పటిదాకా రిపోర్ట్ ఆపించాను.

కొత్త_ఇంజినీరు
ఈలోగా ఒక సందేహం. రజిత గారు చెప్పిన ఆ సన్న కాలువల్లో కరగని పౌడర్ మిగిలిపోదా? ఎలా తీస్తారు?

రాకెట్_రజిత
ఆ పాఠం కన్నీళ్లతో నేర్చుకున్నాను. మొదటి నాజిల్ ప్రింట్ అయ్యాక ప్లేట్‌తో సహా కాస్త తట్టి, ఊది, అయిపోయిందనుకుని స్ట్రెస్ రిలీఫ్‌కు పంపాం. కాలువల వంపుల్లో పౌడర్ మిగిలే ఉంది. కొలిమి వేడికి ఆ పౌడర్ గింజలు ఒకదానికొకటి అతుక్కుని రాయిలా గట్టిపడ్డాయి. నీళ్లు పంపితే 60 కాలువల్లో 11 మూసుకుపోయి ఉన్నాయి. తీగ దూర్చినా, అల్ట్రాసోనిక్‌లో పెట్టినా కదల్లేదు. ముక్క మొత్తం పోయింది.

ఇప్పుడు కొలిమికి పంపే ముందే మెషీన్‌లో పెట్టి అన్ని వైపులా తిప్పుతూ కంపింపజేస్తాం, తర్వాత ముక్కను తూకం వేస్తాం. డిజైన్ బరువు కంటే ఎక్కువ తూగితే లోపల పౌడర్ ఉన్నట్టే. ఆ పైన సీటీ. ఇదంతా అయ్యాకే కొలిమి. కాలువ గీసేటప్పుడే పౌడర్ బయటికొచ్చే దారి కూడా గీయండి, తర్వాత ఆలోచిద్దాం అనుకుంటే దారి ఉండదు.

జల్లెడ_శీను
తీసేటప్పుడు మాస్క్, గ్రౌండింగ్ మరవకండి. టైటానియం, అల్యూమినియం పౌడర్ అయితే చిన్న స్టాటిక్ నిప్పురవ్వ చాలు. ఫిల్టర్లో పేరుకునే మసి ఇంకా ప్రమాదం, గాలి తగలగానే అంటుకోవచ్చు. మండే లోహం మీద నీళ్లు పోయకూడదు, దానికి వేరే డి క్లాస్ సిలిండర్ ఉంటుంది.

పొర_మీద_పొర
ఫొటోలు వచ్చాయి. చేతులు వణుకుతూ టైప్ చేస్తున్నాను.

మూడింటిలోనూ పగులు మొదలైన చోటు స్పష్టంగా ఉంది. మూడూ ఉపరితలానికి దగ్గర్లోనే. 7వ కడ్డీలో దాదాపు 130 మైక్రాన్ల గుండ్రటి గుర్తు, దాని చుట్టూ నునుపైన చదును ముఖం, అక్కడ లోహం చీలిన ఆనవాలే లేదు, ఎప్పుడూ అతుక్కోనట్టు. రసాయన మ్యాప్‌లో ఆ చదును మీద అల్యూమినియం, ఆక్సిజన్ వెలిగిపోతున్నాయి. 3, 11లోనూ అదే, సైజు మాత్రం కాస్త చిన్నది.

కిరణ్మయి గారు చెప్పినట్టే గుల్ల మూసుకుంది, పొర మిగిలింది.

కిరణ్మయి_718
ఆక్సైడ్ చొక్కా అన్నమాట. మనసు కుదుటపడింది, కానీ అసలు ప్రశ్న ఇప్పుడే. రెండు బ్రాకెట్లలో ఒకటేమైనా ఆ వరసలో ఉందా?

పొర_మీద_పొర
ఉంది. రెండోది. దాని సగం ఆ వైపే.

సర్టిఫికెట్_సుధ
అయితే ఆ బ్రాకెట్ ఎగరకూడదు, మరో మాట లేదు. తొమ్మిదితోనే రిపోర్ట్ ఇచ్చి ఉంటే ఆ బ్రాకెట్ ఇంజిన్ మీదికి వెళ్లేది.

ప్రతి బిల్డ్‌తో సాక్షి కడ్డీలు (ముక్కతో పాటే పరీక్ష కోసం ప్రింట్ చేసేవి) వేయాలని నాసా 2021లో తెచ్చిన 6030 ప్రమాణం చెప్పేది ఇందుకే. విరిగితే ఎంత నష్టమో చూసి అందులో భాగాల్ని ఏ, బీ, సీ తరగతులుగా విడదీస్తారు, తరగతిని బట్టి తనిఖీ కూడా బిగుస్తుంది. చాలామంది సాక్షి కడ్డీలను ప్లేట్ మధ్యలో, అంతా బాగుండే చోట నిలబెడతారు. ఆ సాక్షి ఎప్పుడూ బాగుందనే చెబుతుంది. మీరు నాలుగు వైపులా వేయడం వల్లే ఇది పట్టుబడింది. రిపోర్ట్‌లో ఆ మాట కూడా రాయండి.

ఫోర్జింగ్_పక్షం
ఆ రెండో బ్రాకెట్‌ను స్క్రాప్‌లో వేయకండి, ముక్కలుగా కోసి చూడండి. ఎక్కువ లోడ్ పడే వంపు దగ్గర అడ్డంగా కోసి పాలిష్ చేస్తే ఆక్సైడ్ గీతలు దొరకొచ్చు. దొరికితే మీ పైవాళ్ల ముందు ఇంకేం మాట్లాడక్కర్లేదు, ఆ ముక్క బల్ల మీద పెట్టండి చాలు.

పొర_మీద_పొర
కోశాం. 61 గంటల ప్రింట్, కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. వంపు దగ్గర ఒకటి, కాలు దగ్గర రెండు గీతలు దొరికాయి. ఫొటోలు పెట్టి పన్నెండు కడ్డీలతోనే రిపోర్ట్ ఇచ్చాను, ఒప్పుకున్నారు.

కొత్త బిల్డ్ నిన్న మొదలైంది. ఫిల్టర్ మార్చాం. ఆర్గాన్ వేగాన్ని ప్లేట్ మీద తొమ్మిది చోట్ల కొలిస్తే ఒక మూల మిగతా చోట్ల కంటే బాగా తక్కువగా ఉంది, ఊదే చీలికలో పౌడర్ గడ్డకట్టి ఉంది, అది శుభ్రం చేశాం. గాలి బయటికి పోయే వైపు నుంచి స్కాన్ వరస, ఆ చివరి 30 మిల్లీమీటర్లలో బ్రాకెట్ పెట్టం, కడ్డీలు మాత్రమే పెడతాం. ఈసారి 24 కడ్డీలు, సీటీ హిప్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

లేజర్_లహరి
ఊదే చీలిక! అది నేను అడగాల్సింది, తట్టలేదు. ప్రతి పొర ఫొటో మెషీన్ దాచుకుంటుంది కదా, ఆ మూల ఫొటోలు కూడా చూడండి. పెద్ద స్పాటర్ పడితే పౌడర్ మీద మచ్చలా కనిపిస్తుంది.

పొర_మీద_పొర
ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. హిప్‌కు ముందు సీటీలో 24లో ఒక్క కడ్డీలోనే గుల్ల కనిపించింది, అదీ చివరి వరసలోదే. దాన్నీ పరీక్షకు పంపాం, పక్కన పెట్టలేదు. ఇప్పటికి 15 పూర్తయ్యాయి, అన్నీ 10 లక్షలు దాటాయి. ఆ గుల్ల ఉన్న కడ్డీ ఈ రోజు ఉదయం మెషీన్ మీదికి ఎక్కింది, నేను ఇది రాసేసరికి 2 లక్షల 40 వేల దగ్గర తిరుగుతోంది.

ఫోర్జింగ్_పక్షం
అది విరిగినా విరగకపోయినా చెప్పండి. విరిగితే ఆ ముఖం ఫొటో కూడా.